గోడ దాటిన గోంగూర

ఒమాన్‌లోని ఇబ్రి ఊళ్ళో మా కంపెనీ అద్దెకు తీసుకున్న మేడ మీద నేను గోంగూర వేశాను. సెలవు నుంచి తిరిగొచ్చేటప్పుడు విత్తనాలు చొక్కా జేబులో వేసుకొచ్చాను. కాగితపు టీ కప్పుల్లో మొలిపించి, నాలుగేసి ఆకులు తొడిగాక గుడ్డ కుండీల్లోకి మార్చాలనుకున్నాను. ఆ ఎండకు ప్లాస్టిక్ కుండీలో వేరు ఉడికిపోతుందని, మందపాటి గుడ్డ అయితే గాలి ఆడుతుందని నర్సరీ దుకాణంలో చెప్పారు.

అక్కడ మూడు సైజులున్నాయి. నా రూమ్‌లో ఉండే తాపీమేస్త్రిది మా పక్క ఊరే. నాతో వచ్చి, "ఆకుకూరకి పది లీటర్లది చాలండి బాబుగారూ. వేరు ఎంత పాకితే మొక్క అంత లేస్తది" అన్నాడు. చిన్నవి కొనడానికి నాకు మనసొప్పలేదు. నా పదో ఏట మా దివాణం వేలంలో పోయింది గాని, చిన్నదానితో సరిపెట్టుకోవడం ఆ ఇంట్లో ఎవరూ నేర్పలేదు. నలభై లీటర్లవి ఆరు కొన్నాను.

ఎండ తగ్గాక కప్పులు చింపి, మట్టిగడ్డ విడిపోకుండా ఒక్కో మొక్కనూ దించాను. వంగడం అలవాటు లేక కుర్చీ వేసుకుని నాటాను. అందుకేనేమో రెండు చచ్చిపోయాయి. మిగిలిన నాలుగూ రెండు నెలల్లో పిట్టగోడ దాటి మనిషెత్తు లేచాయి.

ఒకరోజు ఇంటి యజమాని, ఒమానీ పెద్దమనిషి, నీళ్ళ ట్యాంకు చూడటానికి పైకి వచ్చాడు. మొక్కల దగ్గర ఆగి ఫోన్‌లో ఫొటో తీశాడు. నా సలాముకు బదులివ్వకుండా దిగిపోయాడు.

ఐదు వేళ్ళుగా చీలి, అంచున రంపపు పళ్ళున్న ఆకు ఎరగనివాడి కంటికి ఎలా కనబడుతుందో మేస్త్రి చెప్పేదాకా నాకు తట్టలేదు.

"గంజాయనుకున్నాడండి."

ఆ దేశంలో గంజాయి అంటే జైలే. ఆస్తి పోయినా మా ఇంటిపేరు మీద పోలీసు కాగితం ఎన్నడూ పడలేదు. అది ఇప్పుడు నా చేతుల మీదుగా పడేలా ఉంది.

"పీకి, ఉడకేసి, మిరపకాయలేసి నూరేద్దామండి," అన్నాడు మేస్త్రి. "సాక్ష్యం అన్నంలో కలిసిపోద్ది."

పీకితే తప్పు ఒప్పుకున్నట్టేనని కాదన్నాను. ఆ తర్వాత రెండు రోజులు డ్యూటీలో నేను సరుకు లెక్క చూసే స్టోరు గేటు ముందు ఏ బండి ఆగినా చేతిలోని లెక్క తప్పిపోయేది. రాత్రి అన్నం సగంలోనే వదిలేసేవాణ్ణి.

శుక్రవారం నమాజు అయ్యాక ఆయన మళ్ళీ వచ్చాడు. ఒక్కడే వచ్చినందుకు కాస్త ఊపిరి తీసుకున్నాను.

"యే క్యా హై?" ఇదేంటని హిందీలో అడిగాడు.

హిందీలో చెప్పాల్సినదంతా రెండు రోజులుగా కూర్చుకున్నాను. తీరా "సబ్జీ", కూర, అన్న మాట ఒక్కటే వచ్చింది.

"ఖావ్," అన్నాడు.

తిను అని నన్నెవరూ అలా ఆజ్ఞాపించలేదు. మేకలా పచ్చి ఆకు నిలబడి నమలడమంటే చెవులు వేడెక్కాయి. నా పక్కనే ఉన్న మేస్త్రి నా వంక చూడకుండా ట్యాంకు వైపు తిరిగాడు. అది అతని మర్యాద. నేను ఒక ఆకు తుంచి నమిలి మింగాను. ఆయన ఇంకా చూస్తూనే ఉన్నాడు. ఏం చేయాలో తోచక లేత ఆకు ఒకటి కోసి ఆయనకే అందించాను.

వాసన చూసి, అంచు కొరికాడు. ఒక కన్ను మూతపడింది.

"హామిద్," అన్నాడు. అరబ్బీలో పులుపు అని. ఫోన్ తీసి, నాకు కనబడేలా ఆ ఫొటో చెరిపేశాడు. తర్వాత పిట్టగోడ మీద అరచేయి వేసి, "ఇస్‌కే నీచే" అని చెప్పి దిగిపోయాడు. దీనికి కిందే అని. వీధిలోవాళ్ళ కంట పడేలా మొక్క ఆ గోడ దాటకూడదు.

ఆ సాయంత్రమే నాలుగింటినీ గోడకు జానెడు కిందకు కోసేశాను. మేస్త్రి ఆకు దూసి పచ్చడి నూరాడు. మరుసటి ఏడు పది లీటర్ల సంచులే కొన్నాను. అయినా మెట్ల మీద అడుగుల చప్పుడైతే, వచ్చేదెవరో చూసేముందు మొక్కల తలలు గోడకు ఎంత దూరంలో ఉన్నాయో చూసుకునేవాణ్ణి.