ట్యాంకులో దిగే ముత్యాలు

కాట్రేనికోన చుట్టుపక్కల రొయ్యల చెరువులున్న రైతులందరికీ ముత్యాలు తెలుసు. పేరు మాత్రం చాలామందికి తెలీదు. "గంగబాబు పెళ్లాం, ఆ పొట్టిది" అనేవారు. మనిషి పదేళ్ల పిల్లంత ఉంటుంది. భుజాలు సన్నం, నడుం సన్నం. పుట్టిల్లు మురమళ్ళ అవతల. వయసు మీరినా ఎవరూ చేసుకోలేదు. చివరికి గంగబాబు వచ్చేడు. పెళ్లిచూపుల్లో ఆమెను లేచి నిలబడమన్నాడు, పక్కకి తిరగమన్నాడు, చేతులు రెండూ పైకెత్తమన్నాడు. అల్లుడు దొరికేడన్న సంబరంలో తండ్రి కూడా "ఎత్తమ్మా, ఎత్తు" అన్నాడు.

గంగబాబుది జనరేటర్ల పని. రొయ్యల చెరువులో కరెంటు పోతే నీళ్లు చిలికే ఏరియేటర్లు ఆగిపోతాయి, గాలి అందక రొయ్య చచ్చిపోతుంది. అందుకే ప్రతి గట్టు మీదా ఒక జనరేటరు, దాని పక్కనే ఇనప డీజిల్ ట్యాంకు ఉంటాయి. చలికాలం వచ్చిందంటే ఆ ట్యాంకుతోనే తంటా. పగలు ఎండకి కాగిన ఇనుము తెల్లారేసరికి చల్లబడి లోపల చెమ్మ పడుతుంది. ఆ నీళ్లు డీజిల్ అడుక్కి చేరి నల్లటి జిగురు మడ్డి కడుతుంది. ఆ మడ్డి ఫిల్టర్లోకి వెళ్లిందంటే జనరేటరు ఆగినట్టే. మంచు పట్టి ఎండ రాని రోజుల్లో అలా ఆగితే పంట మొత్తం చచ్చి తేలిపోతుంది. అందుకని కార్తీకం వెళ్లగానే ట్యాంకులు ఖాళీ చేసి, మడ్డి తీసి, తుడిచి ఆరబెట్టి, మళ్లీ మూతిదాకా నింపేస్తారు. నిండుగా ఉంటే లోపల చెమ్మకి చోటుండదు.

ఆ మూతులు ఇరుకు. మగాడి భుజాలు పట్టవు. పెళ్లిచూపుల్లో చేతులెందుకు ఎత్తించేడో ముత్యాలుకి మొదటి చలికాలంలోనే తెలిసింది.

"నాకు భయవయ్యా, లోపలంతా చీకటి" అంది.

"నేను పైనుంటాను కదే. తాడు నా చేతిలోనే ఉంటది."

చంకల కింద తాడు కట్టి, ముక్కుకి తడిగుడ్డ చుట్టి దింపేవాడు. లోపల ఒంగి కొబ్బరిచిప్పతో మడ్డి గోకి బకెట్టుకెత్తాలి. గోకడం ఆగిందంటే గంగబాబు పైనుంచి రెంచీతో ట్యాంకు మీద కొట్టేవాడు. ఆ మోత లోపలున్నవాళ్లకి పుర్రెలో కొట్టినట్టుంటుంది. మొదట్లో ఆమె కేకలు పెట్టేది. తర్వాత చెవుల్లో దూది పెట్టుకోవడం నేర్చుకుంది. బయటికి వచ్చేసరికి నెత్తి నుంచి కాళ్లదాకా నల్లగా ఉండేది. గట్టు మీది కూలీలు "కప్ప పైకొచ్చిందిరోయ్" అని నవ్వేవారు. గంగబాబు కూడా నవ్వేవాడు.

ఎంత సబ్బు రుద్దినా ఆ కంపు పోయేది కాదు. అత్త బుజ్జమ్మ ఆమెను వంటింటి గడప తొక్కనిచ్చేది కాదు. "అన్నానికి డీజిలు వాసనొస్తందే. అరుగు మీద కూచో, అక్కడే పెడతాను" అనేది. చేతుల మీద చర్మం పొరలు పొరలుగా ఊడేది. పుట్టింటికెళ్తే తమ్ముడి భార్య పిల్లల్ని దగ్గరికి రానిచ్చేది కాదు.

మూడు చలికాలాలు అలా గడిచేక ముత్యాలు కడుపుతో ఉంది. ఆ యేడు తనని దింపరనుకుంది.

"నాలుగో నెలేగా. కడుపింకా పైకి రాలేదు, దూరతాది" అంది బుజ్జమ్మ.

ఆ రోజు సుబ్రహ్మణ్యేశ్వరరావు గారి చెరువు మీద పని. ఆ చుట్టుపక్కల ఆయనదే పెద్ద చెరువు. ట్యాంకు కూడా కొత్తది. ముత్యాలు దిగింది, మడ్డి చాలావరకు తీసింది. ఇంతలో డీజిల్ ఆవిరికి కళ్లు తిరిగేయి. తాడు లాగింది. గంగబాబు పైకి లాగేడు గానీ, సగం స్పృహ లేని ఒళ్లు వేలాడిపోయి నడుం దగ్గర మూతికి పట్టేసింది. తలా చేతులూ బయట, మిగతాదంతా లోపల.

"నెమ్మదిగా లాగవయ్యా, కడుపు... కడుపు నొక్కేస్తంది" అని ఏడ్చింది.

చెరువు కాపలా ఉండే రాఘవులు ముసలివాడు, ఆమె అరుపు విని పరిగెత్తుకొచ్చేడు. "బాబుగారూ, అమలాపురం ఫైరోళ్లకి ఫోను చేద్దామండీ" అన్నాడు.

గట్టు మీదే కూచున్న సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు కుర్చీలోంచి లేవలేదు. "వాళ్లొస్తే వెనకాలే పోలీసులొస్తారు. నాకెందుకయ్యా ఆ గోల? గ్రీజు పుయ్యండి. పూసి లాగండి."

"ఆయ్" అన్నాడు గంగబాబు.

గ్రీజు పూసేరు. ఇద్దరు చంకలు పట్టి లాగేరు. వచ్చేసింది. ఆ సాయంత్రమే కడుపు పోయింది.

మర్నాడు సుబ్రహ్మణ్యేశ్వరరావు గారి దగ్గర్నుంచి మనిషి వచ్చేడు. పరామర్శకనుకుని ముత్యాలు మంచం మీంచి లేవబోయింది. "ట్యాంకులో ఓ మూల మడ్డి ఉండిపోయిందంట. ఎప్పుడొస్తారో కనుక్కోమన్నారు" అన్నాడతను. వారం తిరక్కుండా గంగబాబు ఆమెను అదే ట్యాంకులోకి దింపి ఆ మూల కూడా గోకించేడు.

మళ్లీ చలికాలం వచ్చేసరికి ముత్యాలు "నేను దిగను" అంది. గంగబాబు కొట్టేడు. దిగలేదు. బుజ్జమ్మ అన్నం పెట్టడం మానేసింది. అయినా దిగలేదు. సుబ్రహ్మణ్యేశ్వరరావు గారి పని పోతే మిగతా చెరువులూ పోతాయని గంగబాబుకి భయం పట్టుకుంది. వెదురు కర్రకి డబ్బా కట్టేడు. నిచ్చెనెక్కి తలా, ఒక చెయ్యీ మూతిలో దూర్చి పైనుంచే తోడటం మొదలెట్టేడు. బకెట్లు అందుకోవడానికి ముత్యాలుని కింద నిలబెట్టేడు.

కాసేపటికి కర్ర చప్పుడు ఆగింది. నిచ్చెన మీద కాళ్లు సడలిపోయేయి.

"ముత్యాలూ..." అని లోపల్నుంచి మూలిగినట్టు వినపడింది.

గట్టు మీద ఎవరూ లేరు. రాఘవులు అవతలి చెరువు దగ్గర మేత జల్లుతున్నాడు. ఒక్క కేక వేస్తే వినపడే దూరమే. ముత్యాలు బకెట్టు కింద పెట్టింది. బోరింగు దగ్గరికెళ్లి మోచేతులదాకా సబ్బు రుద్దుకుంది. శుభ్రంగా కడుక్కుంది. కొంగుతో ఒక్కో వేలూ తుడుచుకుంది. అప్పుడు పిలిచింది, "రాఘవులు మావా!" అని.

గంగబాబు బతికేడు. కాకినాడ పెద్దాసుపత్రిలో చాలా రోజులున్నాడు. తలకి గాలందక కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. నిచ్చెన మీంచి జారిపడ్డాడని సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు అందరికీ చెప్పేరు. ఎందుకొచ్చిన గొడవని, ఆ నెలలోనే వెల్డింగు మనిషిని పిలిపించి ట్యాంకు అడుగున ఒక కుళాయి పెట్టించేరు. కుళాయి తిప్పితే నీళ్లూ మడ్డీ వాటంతటవే బయటికొచ్చేస్తాయి. మిగతా రైతులూ పెట్టించేరు. ఇప్పుడు ట్యాంకులోకి ఎవరూ దిగక్కర్లేదు.

ముత్యాలు రొయ్యలు వలిచే షెడ్డులో చేరింది. బల్ల అందదు గనక ప్లాస్టిక్ ట్రే తిరగేసి దాని మీద నిలబడి వలుస్తుంది. ఇల్లు గడిచేది ఆమె కూలితోనే. వంటిల్లూ ఆమెదే అయింది.

చేతికి కసరత్తులు చేయించాలని, వారం వారం అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్తే వేళ్లు తిరిగొస్తాయని, ఆలస్యం చెయ్యొద్దని డాక్టరు చెప్పేడు. ఆ మాటలు విన్నది ముత్యాలే. ఆలస్యం చెయ్యొద్దన్న సంగతి మాత్రం ఇంట్లో చెప్పలేదు.

"ఈ వారం తీసుకెళ్తావా అమ్మా?" అని బుజ్జమ్మ అడిగేది.

"షెడ్డులో సెలవివ్వరత్తా. వచ్చే వారం చూద్దాం."

వచ్చే వారమూ అదే మాట. నెలలు గడిచేయి. ఉండబట్టలేక బుజ్జమ్మే ఒక రోజు ఆటో కట్టించుకుని కొడుకుని తీసుకెళ్లింది. డాక్టరు ఆ చెయ్యి అటూ ఇటూ వంచి చూసేడు.

"ఇన్నాళ్లూ ఏం చేసేరమ్మా? బిగుసుకుపోయింది. ఇంక లాభం లేదు" అన్నాడు.

బుజ్జమ్మ ఇంటికొచ్చి గడపలో కూలబడి ఆ సంగతి చెప్పింది. ముత్యాలు చేటలో బియ్యం ఏరుకుంటోంది. తలెత్తలేదు.

"నీకు ముందే తెలుసా?" అంది బుజ్జమ్మ.

"ఆయ్, తెలుసు."

బుజ్జమ్మ నోరు తెరిచింది. వంటింటి వైపు చూసి మూసేసుకుంది. పొద్దున్నించీ ఆవిడా ఏమీ తినలేదు, పొయ్యి మీద అన్నం ముత్యాలు వండింది. ముత్యాలు లేచి పప్పూ అన్నం కలిపి పళ్లెం తీసుకుని మొగుడి పక్కన కూచుంది. ముద్ద పెట్టినప్పుడల్లా అతను నోరు తెరుస్తున్నాడు. కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి. ముత్యాలు కొంగుతో మూతి మాత్రం తుడిచింది.