వరదకని ఎత్తిన ఇల్లు

భూమి కంపించి మూడు రోజులైనా మా రూతక్క పిల్లలతో చర్చి ఆవరణలోనే పడుకుంటోంది. "ఇంట్లకు పోను ఎస్తేరూ, నువ్వొచ్చి చూడు" అంది ఫోన్‌లో. వెనక నుంచి బావ కేక: "పైపూత పగిలింది, గంతే!" ఖమ్మంలో ఇళ్ల పనులు చూసే ఇంజినీరుని నేను. ఇక ఇంట్లో కాలు నిలవలేదు.

పొద్దున్నే ఆరింటికి అక్క ఉండే భద్రాచలానికి తల్లాడ మీదుగా వెళ్లే బస్సెక్కాను. మూడు గంటలు పైనే పడుతుంది, ఛార్జీ రెండు వందలకు అటూ ఇటూ. కొత్తగూడెం దాటాక రోడ్డుకు అటూ ఇటూ అడవే. కిటికీ సీటు దొరికీ ఒక్క చెట్టూ చూడలేదు. అక్క పంపిన పగులు ఫోటోనే పెద్దది చేసి చూస్తూ కూర్చున్నాను.

"ఏందది బిడ్డా?" అంది పక్కన చింతపండు మూటతో కూర్చున్న అవ్వ.

"మా అక్క ఇల్లు అవ్వా. భూకంపానికి పగిలింది."

"అయ్యో! మాది తడికెల ఇల్లు. ఊగింది, ఆగింది."

బస్టాండు నుంచి ఆటోలో ఏటి ఒడ్డుకు పది నిమిషాలు. గోదావరి పొంగితే నీళ్లు వచ్చే వీధి కాబట్టి అందరూ పిల్లర్ల మీదే ఇళ్లు కట్టారు. కింద ఖాళీ, పైన కాపురం. అక్కా బావా ఇంటి ముందే ఎదురుచూస్తున్నారు. వాళ్ల పిల్లరు పైన బీమును కలిసేచోట పగులు వాలుగా ఉంది. పైపూతే అయితే బాగుండు దేవుడా అనుకుంటూ సుత్తితో ఊడగొట్టాను. పగులు లోపలి కాంక్రీటులోకీ పోయింది. పక్క పిల్లరూ అంతే.

ఏరు తెచ్చి పరిచిన మెత్తటి నేల, రాతి నేల కంటే ఎక్కువ ఊగుతుంది. పైన గోడల బరువు, కింద ఆసరా లేని పిల్లర్లు. ఊపంతా వాటి మెడల మీదే పడుతుంది.

"కింద గోడలు కట్టిపిస్త, సరేనా?" అన్నాడు బావ.

"వరదొస్తే నీళ్లు ఆ గోడల్ని తోస్తయి బావా. లెక్కగట్టి పిల్లర్లకే ఇనుము చుట్టి కాంక్రీటు తొడగాలె. అందాక ఖాళీ చెయ్యండి."

"అక్కాచెల్లెళ్లు ఒకటైన్రు! గింత పగులుకు ఇల్లు ఇడిసిపోవాల్నా?" మొహం ఎర్రబడింది. ఈ ఇంటికి ఇటుకలు మోసింది కూడా ఆయనే.

అక్క నా వైపు తిరిగింది. "నువ్వు ఇయ్యాల పైన పండుకుంటవా? గదొక్కటే చెప్పు."

"పండుకోను."

బావ గబగబా మెట్లెక్కి పైకి పోయాడు. అలిగాడనుకున్నాను. "జల్దీ దిగు బావా!" అని అరిచాను. గ్యాస్ సిలిండర్ భుజాన పెట్టుకుని దిగాడు.

"గట్టి నేల దిక్కు కిరాయికి ఇల్లు చూద్దాం పాండ్రి" అన్నాడు.

మధ్యాహ్నం బస్సులో తిరిగొస్తూ దారి పొడవునా ఇళ్ల కాళ్లే చూశాను, ఇంకా ఆ అలవాటు పోలేదు. ఏటి ఒడ్డు ఊళ్లలో బస చేసేవాళ్లకు ఒక్క మాట: గది చూసేముందు కింది పిల్లర్లు చూడండి. పైకొసన వాలు పగులుంటే ఎంత చవకైనా వద్దు. అక్క పిల్లలిప్పుడు కిరాయి ఇంట్లో హాయిగా నిద్రపోతున్నారు. బావ మాత్రం రోజూ సాయంత్రం పోయి, ఆ ఖాళీ ఇంటికి దీపం పెట్టి వస్తున్నాడట.