భట్టీ కూలిన మర్నాడు

హెలికాప్టర్ మమ్మల్ని దింపేసరికి పొద్దున ఎనిమిది దాటింది. వాన అప్పుడే వెలిసింది. నల్లరేగడి నేల. నాలుగడుగులు వేసేసరికి బూట్లు రెట్టింపు బరువయ్యాయి. మోర్తాడ్‌లో మా చేను మట్టి కూడా ఇట్లాగే కాళ్లను పట్టుకుంటుంది.

అది ఆఫ్రికాలో ఒక చిన్న పట్టణం. దేశం పేరు రాయడం లేదు. అక్కడ పెద్ద యుద్ధం జరిగి, మేం వెళ్లేసరికి ముగిసి ఏడాదయింది. ఒప్పందం కుదిరింది. మేం నీలి హెల్మెట్లు పెట్టుకుని శాంతి దళంగా వెళ్లాం. అప్పుడు నేను హవల్దార్‌ని. పదిమంది జవాన్ల సెక్షన్ ఒకటి నా చేతి కింద ఉండేది.

మా పోస్టు ఊరి చివర, మూతపడిన పత్తి మిల్లులో. యంత్రాలను ఎవరో ఊడదీసుకుపోయారు. సిమెంటు దిమ్మెలు మిగిలాయి. వాటి మీద మంచాలు వేసుకున్నాం. చుట్టూ మట్టి నింపిన ఇనుప జాలీ గోడలు, రెండు కాపలా బురుజులు. ఆర్డర్లు క్లుప్తంగా ఉండేవి. పగలు రెండు గస్తీలు. ముందుగా కాల్పులు జరపకూడదు. పౌరుల ప్రాణాలకు ముప్పు వస్తే వాళ్లను పోస్టులోకి తీసుకురావాలి.

రేడియో ఆపరేటర్‌ది మా జిల్లాలోని ఇందల్వాయి. వాడితోనే నేను తెలుగు మాట్లాడేవాణ్ణి. మొదటి సంత రోజు గస్తీ తిరిగి వచ్చాక వాడన్నాడు, "అన్నా, గీడ ఎవ్వలూ పైసలు ముట్టుకుంటలేరు. సబ్బు బిళ్ల ఇస్తే మక్కలిస్తున్నరు."

నిజమే. అక్కడి నోటుకు విలువ లేదు. ఉప్పు, సబ్బు, డీజిల్‌తోనే బేరం. ఎందుకట్లా అయిందో మాకు మాటలు తర్జుమా చేసే బడిపంతులు చెప్పాడు. మాకంటే ముందు వచ్చిన మన పటాలం దగ్గర ఆయన హిందీ నేర్చుకున్నాడు. మేం మాస్టర్ సాబ్ అనేవాళ్లం. యుద్ధంలో నది మీది వంతెన కూలిందట. లారీలు ఆగాయి. లారీలు ఆగితే పత్తి కదలలేదు, మిల్లు మూతపడింది. ఖజానా అంతా తుపాకులకే పోయింది. ప్రభుత్వం నోట్లు అచ్చువేసి పంచింది. తర్వాత ఆ నోట్లతో జీతాలివ్వడమూ మానేసింది. ఆయన మాత్రం జీతం లేకుండానే రోజూ బడి తెరిచేవాడు. చాక్‌పీసులు మేమిచ్చేవాళ్లం.

ఊళ్లో రొట్టెల భట్టీ ఒక్కటే. దాన్ని నడిపే ఆయన తాత నది అవతలి నుంచి వచ్చి స్థిరపడ్డాడు. వాళ్ల తెగ వేరు, భాష వేరు. ఆయన తల్లి, భార్య పిండి పిసికేవారు. ఒకసారి మా ఇంటి పసుపు పొట్లం ఇచ్చాను. పిండిలో కలిపి పచ్చటి రొట్టె కాల్చాడు. భార్య తుంచి రుచి చూసి, నవ్వి, మిగతాది నా చేతిలోనే పెట్టింది.

ఎండాకాలం మొదలయ్యాక చేతికి తెల్ల గుడ్డ కట్టుకున్న మనుషులు కనిపించారు. యుద్ధం అయ్యాక పని లేకుండా మిగిలిన సైనికులు. వాళ్ల నాయకుడు ఒకప్పటి సార్జెంటు. ముందు మార్కెట్‌లో మురికి కాలువ తీశారు. చెడిపోయిన చేతిపంపు బాగుచేశారు. ముసలివాళ్లకు మొక్కజొన్నలు పంచారు. మా సుబేదార్ సాబ్ చూసి, "మంచి పని చేస్తున్నారు. పై వాళ్లకు రాయాలి" అన్నారు. రాశారు కూడా.

తర్వాత సంత రోజుల్లో ఉపన్యాసాలు మొదలయ్యాయి. సార్జెంటు డీజిల్ డ్రమ్ము మీద నిలబడి మాట్లాడేవాడు. మాస్టర్ సాబ్ మాకు తర్జుమా చేసేవాడు. "మీ ఆకలి ఆకాశం నుంచి రాలేదు, ఎవరో తెచ్చారు అంటున్నాడు." ఇంకో వారం, "నది అవతలివాళ్లు పిండి దాచారు అంటున్నాడు." ఆ తర్వాతి వారం తర్జుమా చేయలేదు. ఏమంటున్నాడని అడిగాను. "కొత్తగా ఏమీ లేదు" అన్నాడు. నెల తిరిగేసరికి మా పోస్టుకు రావడం మానేశాడు. బడికి తాళం పడింది.

భట్టీలో నిజంగానే పిండి తక్కువ ఉండేది. ఎన్ని రొట్టెలు కాలిస్తే అన్నీ పొద్దున్నే అయిపోయేవి. దొరకనివాళ్లు దాచాడన్నారు.

ఒక సంత రోజు, పదకొండు గంటలకు, ఆపరేటర్ రేడియో సెట్ దగ్గర నుంచి పిలిచాడు.

"అన్నా, బురుజు మీదికెళ్లి చెప్తున్నరు. సంతల జనం మొత్తం భట్టీ దిక్కు పోతున్నరట."

"చేతుల ఏమున్నయి?"

"గడ్డపారలట. తుపాకులైతే కనవడ్తలేవట."

సుబేదార్ సాబ్ నన్ను పిలిచారు. "సెక్షన్‌ను తీసుకెళ్లు. మనుషుల్ని తీసుకురా. సామాను వదిలేయ్."

రెండు బండ్లలో వెళ్లాం. సందు మొదట్లో దిగి నడిచాం. జనం అరవడం లేదు. రైఫిళ్లు చూసి దారి ఇచ్చారు. భట్టీ గడప ముందు ఒక మనిషి అడ్డంగా నిలబడి ఉన్నాడు. మాస్టర్ సాబ్. చేతికి తెల్ల గుడ్డ.

"వంతెన కూలడం వల్లే ఈ ఆకలి అని మీరే కదా నాకు చెప్పారు" అన్నాను.

"రెండు సైన్యాలూ కూల్చాయి. అవి వెళ్లిపోయాయి. ఇతను ఇక్కడే ఉన్నాడు."

"ఇతనేం చేశాడు?"

"నా బిడ్డ రోజూ అడుగుతుంది, రొట్టె ఎందుకు లేదని. యుద్ధం అంటే దానికి అర్థం కాదు. ఇతని పేరు చెబితే అర్థమవుతుంది."

"పక్కకు జరగండి మాస్టర్ సాబ్."

జరిగాడు. భట్టీ ఆయన, భార్య బయటికొచ్చారు. తల్లి గడప దిగలేక ఆగింది. మాస్టర్ సాబ్ చెయ్యి అందించాడు. ఆమె పట్టుకుని దిగింది. ఆయన చెయ్యి వదిలి జనంలోకి వెళ్లిపోయాడు.

బండ్లు కదలకముందే ఇటుకల మీద గడ్డపారల చప్పుడు వినిపించింది. భట్టీని కాపాడమని మాకు ఆర్డరు లేదు. ఆ కుటుంబాన్ని రెండో రోజు హెలికాప్టర్‌లో నది అవతలి శిబిరానికి పంపారు. తర్వాత వాళ్ల సంగతి నాకు తెలియదు. వానలు మళ్లీ పడకముందే మా బదులు వేరే పటాలం వచ్చింది.

నేను రిటైరై ఆర్మూర్‌లో ఉంటున్నాను. పసుపు ఆరబెట్టే రోజుల్లో మార్కెట్ యార్డు ముందరి హోటల్‌లో పొద్దున చాయ్ తాగుతాను. ఈమధ్య అక్కడ మా చిన్నాయన కొడుకు కూడా కూర్చుంటున్నాడు. గల్ఫ్‌లో పనిచేసేవాడు. అక్కడ యుద్ధం వచ్చి కంపెనీ మూతపడితే తిరిగొచ్చాడు. ఇక్కడా పని దొరకలేదు. ఆ యుద్ధంతో ఓడలు కదలడం లేదని వ్యాపారులు పసుపు ధర దించారు.

మొన్న వాడు యార్డులో బస్తాలు మోస్తున్న వేరే రాష్ట్రం హమాలీలను చూపించి అన్నాడు, "గీ బయటోళ్లు వచ్చినంకనే మనకు పని లేకుంట పోయింది. ఎల్లగొడితేనే అంత సక్కగైతది. గిప్పుడు మస్తుమంది గిదే అంటున్నరు."

"ఎల్లగొడితే ఓడలు కదుల్తయా?" అన్నాను.

"గదంత నాకు తెల్వదే అన్నా. గీళ్లైతే కండ్ల ముంగటున్నరు."

నేను వాదించలేదు. ఇంట్లో కూడా ఎవరికీ చెప్పని సంగతి ఒకటి వాడికి చెప్పాను.

భట్టీ కూలిన మర్నాడు పొద్దున ఆరు గంటలకు గస్తీకి వెళ్లాను. ఇటుకల కుప్ప ముందు జనం వరుసగా నిలబడి ఉన్నారు. చేతుల్లో రొట్టెలకు తెచ్చిన గుడ్డ సంచులు. కొందరి జబ్బలకు తెల్ల గుడ్డలు ఇంకా ఉన్నాయి. మాస్టర్ సాబ్ బిడ్డ చెయ్యి పట్టుకుని మధ్యలో ఉన్నాడు. నన్ను చూసి తల తిప్పుకోలేదు. అందరికంటే ముందున్న ఆడమనిషి కాసేపు చూసి, సంచి మడిచి చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది. వెనకవాళ్లు ఒక అడుగు ముందుకు జరిగారు.