మూడో వరసల తెల్ల గునుగు

ఖాజాగూడల నేను వంట చేసే ఇంటి సారు కొలువు తలుచుకుంటే నాకిప్పటికీ నవ్వే. ఫొటోలు, వీడియోలు ఎవడూ కాజేయకుండ వాటి లోపల కంటికి కనపడని గుర్తు పెడతడు. వాటర్‌మార్క్ అంటరట. ఎంత కత్తిరించినా పోదట.

"కంప్యూటర్‌కి చూపిస్తే చాలమ్మా, దొంగ దొరికిపోతాడు," అన్నడు ఓ పొద్దు దోశ తినుకుంట.

"చట్నీల ఉప్పు మరిచిపోయిన, అది దొరికిందా సారూ?" అన్న.

ఆ ఏడు మా టవర్లల్ల బతుకమ్మ ఫొటోల పోటీ పెట్టిన్రు. గెలిచిన బతుకమ్మను నడుమ పెడతరు, పేర్చినామెనే మొదటి పాట ఎత్తుకోవాలె. అన్నేండ్లు ఆ ఆటను నేను చెప్పులు విడిచే కాడ నిలబడే చూసిన. మా అమ్మ పాటలన్నీ నా గొంతులనే ఉన్నయి. ఒక్కసారి ఎత్తుకోవాలని ఆశ.

పొద్దుగాల్నే కూసోని గునుగు పూలకు గులాబీ రంగు అద్ది, తంగేడు కలిపి, తాంబాళంల మోకాలెత్తు పేర్చి కింద అందరి హాల్ల పెట్టిన. మేడం వచ్చి పైన గౌరమ్మను పెట్టి, చేతులు దులుపుకున్నది. సారు ఫొటో తీసి, కింద ఇంత లావు అక్షరాలతోని మేడం పేరు రాసిండు. లోపల దొంగ గుర్తు వేరే.

పగటికల్లా అదే ఫొటో, పేరు కాడికి కోసేసి, పక్క టవరామె తనదని వాట్సాప్ గ్రూపుల పెట్టింది. సారు లాప్‌టాప్ సంకన పెట్టుకొని హాల్ల ఉన్న కమిటీ పెద్దమ్మ ముంగటికి ఉరికిండు. అందరం ఎనుకనే పోయినం.

"చూడండి, లోపల మా గుర్తుంది. ఫొటో మాదే!"

పక్క టవరామె జంకలె. "ఫొటో మీదేనండి. నా బతుకమ్మకు మీరెందుకు తీశారు?"

సారు తెరిచిన లాప్‌టాప్ మూసిండు.

ఊకుంటే పాట పోతది, మాట్లాడితే కొలువు పోతదేమో. అయినా మనసాగలె. "జర ఆగుండ్రి. ఎనుక దిక్కు మూడో వరసల ఏం రంగు పూలున్నయి? ఇద్దరూ చెప్పుండ్రి."

"అన్నీ గులాబీయే," అన్నది పక్క టవరామె.

"గులాబీయే కదా," అన్నది మా మేడం.

తాంబాళం తిప్పి చూపిన. గులాబీ నడుమ రంగు అద్దని తెల్ల గునుగు ఒక్కటి. మా ఊర్ల అందరి బతుకమ్మలు ఒక్కకాడ పెట్టి ఆడుతరు, ఏది ఎవలదో తెల్వాలని ఇంటికో గుర్తు పెట్టుకుంటరు. మా అమ్మ గుర్తు ఇదే.

"పేర్చింది నువ్వా?" అన్నది పెద్దమ్మ.

"మా ఇంటిదేనండి," అని మేడం అందుకుంది.

"ఇల్లు మీదేనమ్మా, చేతులెవరివి?"

మేడం ఫోన్ చూసుకున్నది. సారు నా దిక్కు తిరిగిండు. "ముందే చెప్పొచ్చు కదమ్మా?"

"మీ గుర్తు సంగతి రోజూ చెప్పిన్రు సారూ. నా గుర్తు ఒక్కనాడన్న అడిగిన్రా?"

సాయంత్రం నా బతుకమ్మనే నడుమ పెట్టిన్రు, పాట నేనే ఎత్తుకున్న. మేడం నా ఎనుక తాళం తప్పుకుంట చప్పట్లు కొట్టింది. సారు మంచిగ ఫొటో తీసిండు. తెల్లారి గ్రూపుల చూస్తే, నోరు బార్ల తెరిచి పాడుకుంట నేను. కింద లావు అక్షరాలతోని మేడం పేరు.