అడంగల్‌లో మల్బరీ, చేనులో శెనక్కాయ

"వంక పెట్టకుండా ఒక్క భూమినన్నా ఇడిసినావేమిరా?" అని నాయన నన్ను అడిగింది నాలుగో భూమికి పోతూ, పరిగి దాటాక, బండి వెనక కూర్చుని. జవాబు చెప్పినా గాలికి వినపడదు, వినపడినా వినడు.

అంతకుముందు మూడింటిని వద్దన్నది నేనే. మొదటిది పెనుకొండ దగ్గరిది. బ్రిటిషు కాలంలో రాసిన రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో యజమాని పేరు ఉండాల్సిన గడిలో చుక్కలు ఉన్నాయి. ఆ భూమి సర్కారుదో రైతుదో తేలేదాకా కొన్నవాడు కచేరీ చుట్టూ తిరగాల్సిందే. రెండోది ధర్మవరం వైపు. భూమి లేని కుటుంబానికి సాగు చేసుకోమని ఇచ్చిన పట్టా అది. సాగు చేసుకోవచ్చు, అమ్ముకునే హక్కు ఇంకా రాలేదు. మూడోది హిందూపురానికి ఆనుకునే ఉంది. చక్కగా చదును చేసి చూపించారు గానీ, పాత పటంలో దాని మూడోవంతు వాన నీళ్ళు పారే వంక. గట్టి వాన పడితే మళ్ళీ వంకే అవుతుంది.

నాయన లెక్కలో ఈ మూడు కారణాలూ కలిసి ఒకటే కారణం. ఆయన మళ్ళీ సేద్యం చేయడం నాకు ఇష్టం లేదు.

మా చేను రోడ్డు వెడల్పుకు పోయింది. పరిహారం వచ్చింది. ఆ తర్వాత నాయన ధర్మవరంలో ఒక పట్టుచీరల గోడౌన్ దగ్గర కాపలాకు కుదిరాడు. కుర్చీలో కూర్చుని వచ్చేపోయే ఆటోల నంబర్లు పుస్తకంలో రాయడం ఆ పని. తొలకరి పడిన రోజు ఫోన్ చేసి, "ఈడ సిమెంటు మింద వాన పడతాండాది" అని పెట్టేశాడు. ఆ డబ్బుతో భూమి కొనకపోతే అది ఇంటి ఖర్చుల్లో కరిగిపోతుందని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఒకసారి తప్పు భూమి కొంటే రెండోది కొనే దారి లేదు. ఆయన తొందరకూ నా అనుమానానికీ మూలం అదే అయినా, ఇద్దరం శత్రువుల మాదిరి మాట్లాడుకునేవాళ్ళం.

నేను చదివింది మెకానికల్ డిప్లొమా. హిందూపురం పారిశ్రామికవాడలో ఒక చిన్న ఫ్యాక్టరీలో, తయారైన భాగాలు కొలతకు వచ్చాయో లేదో చూసే పని చేస్తాను. వందలో ఒకటి తేడా వస్తే తక్కిన తొంభైతొమ్మిదీ పక్కన పెట్టించే ఉద్యోగం. అక్కడ నన్ను ఎవరూ ఇష్టపడరు. ఇంట్లో కూడా అదే ఉద్యోగం చేస్తున్నానని నాయన అనేవాడు.

నాలుగో భూమి ఎర్ర నేల. శెనక్కాయ పూత మీద ఉంది. అమ్మే మనిషికి యాభై దాటి ఉంటాయి. మేము బండి దిగకముందే మోటారు వేసి పెట్టాడు.

"చూడన్నా, ఎండాకాలం గూడా ఇట్లనే పోస్తాది నీళ్ళు. నా బోరు మాదిరి బోరు ఈ చుట్టుపక్కల యాడా లేదు."

నాయన చెప్పులు విడిచి చేనులోకి దిగాడు. ఒక చెట్టు పీకి వేరు చూశాడు, మట్టి నలిపాడు, మళ్ళీ నాటలేక గెనెం గట్టు మీద పెట్టాడు. ఇక ఈయనతో బేరం ఆడించడం నావల్ల కాదని నాకు అర్థమైంది. అమ్మేవాడికి నాకంటే ముందే అర్థమైంది.

"కాగితాలు?" అన్నాను.

"అన్నీ క్లియర్. ఏమప్పా ఇంజినీరూ, నీ సెల్లులో కొట్టి చూసుకో. మా తాత పేరు గూడా వస్తాది."

నిజంగానే వచ్చింది. పెనుకొండలో తీయించిన పాత రిజిస్టరు నకలులో ఆయన తాత పేరు స్పష్టంగా ఉంది. అమ్మకూడదని నిషేధించిన భూముల జాబితాలో ఆ సర్వే నంబరు లేదు. హిందూపురం సబ్ రిజిస్ట్రారు దగ్గర తీసిన, లావాదేవీలు చూపే ఈసీలో తాకట్టు లేదు, పాత అమ్మకం లేదు. ఉన్నది ఒకే ఒక్క దస్తావేజు, అన్నదమ్ముల భాగ పరిష్కారం. ఊరి పెద్దలు చీటీలు వేయించి చేనును రెండు ముక్కలు చేశారు. రోడ్డు పక్కది అన్నకు, లోపలిది తమ్ముడికి. సర్వే నంబరు కూడా ఆ ప్రకారమే ఒకటి, రెండు అని విడిపోయింది. అన్న మాకు అమ్ముతున్నవాడు. తమ్ముడు చనిపోయాడు, ఆయన భార్య ఉంది. పేర్లు, విస్తీర్ణాలు, సంతకాలు అన్నీ సరిపోయాయి. బాగుందని నాయనకు చెప్పాను. శుక్రవారం అడ్వాన్సు ఇద్దామనుకున్నాం. ఆయన గోడౌన్ యజమానికి పని మానేస్తున్నానని చెప్పేశాడు.

అడంగల్ అనేది ఏ ముక్కలో ఎవరు ఏ పంట వేశారో ఏటా ఊళ్ళో రాసే లెక్క. వెనకటి సంవత్సరాలవి కూడా తీసి పెట్టుకున్నాను. అప్పటిదాకా యజమాని గడి, సాగు చేసేవాడి పేరు రాసే అనుభవదారు గడి మాత్రమే చూశాను, రెండింట్లోనూ పట్టా ప్రకారం అన్న పేరే ఎక్కించి ఉంది. గురువారం మధ్యాహ్నం భోజనాల వేళ, ఫైలు సర్దుతూ పంట గడి చదివాను. అన్న ముక్కలో మల్బరీ. ముందు ఏడూ మల్బరీ. అంతకుముందూ మల్బరీ. తమ్ముడి ముక్కలో వేరుశనగ, అంటే మా శెనక్కాయ.

మాకు చూపించిన చేనులో ఒక్క మల్బరీ మొక్క లేదు.

ఫోన్ చేసి, మీరెప్పుడైనా మల్బరీ పెట్టారా అని అడిగాను. "నేనా? పురుగులకు ఆకేసే ఓపిక నాకు యాడిదప్పా! అది మా మరదలు పెట్టుకునింది, రోడ్డు పక్కన" అన్నాడు. దాచే ఉద్దేశం ఆ గొంతులో ఏమాత్రం లేదు.

నాయనకు చెబితే, "రాసేవాడు తప్పు రాసింటాడు" అన్నాడు.

"ఏటా అదే తప్పు రాస్తారా?"

"నువ్వు ఏటా ఇదే తప్పు పట్టలేదా?"

శుక్రవారం అడ్వాన్సుకు బదులు టేపు తీసుకుని పోయాం. సర్వే పటం నకలు నా చేతిలో ఉంది. రోడ్డు మూలన హద్దురాయి ముళ్ళకంపలో దొరికింది. టేపు ఒక కొస నాయన పట్టుకున్నాడు. పట్టుకున్నాడంటే, రాయి మీద పెట్టి కాలితో తొక్కి, మొహం అటు తిప్పుకుని నిలబడ్డాడు. కొలిచి, పటం మీద గుర్తు పెట్టి, మళ్ళీ కొలిచాను. రెండుసార్లూ ఒకటే వచ్చింది. బోరు ఉన్న చేను రెండో ముక్క. అది కాగితం మీద చనిపోయిన తమ్ముడిది. మాకు రిజిస్టరు కాబోయేది ఒకటో ముక్క, రోడ్డు పక్కన ఆమె పెంచుకున్న మల్బరీ తోట.

అంతలో అమ్మే మనిషి వచ్చాడు. చెబితే నవ్వాడు.

"ఓ, అదా! అది అందరికీ తెలిసిందే గదప్పా. చీటీలు ఏసిన తర్వాత నేను బోరుకు నీళ్ళు చూసేవాన్ని పిలిపిచ్చినా. అరచేతిలో టెంకాయ పెట్టుకుని ఆయప్ప చేనంతా తిరిగినాడు. నా బాగంలో అది యాడా లేవలా. మా తమ్ముని బాగంలోకి పోతానే నిట్టనిలువుగా లేచి నిలబడింది. వానికి బోరు ఏసే శక్తి లేదు. వాని పెండ్లానికేమో రోడ్డు పక్క కావల్ల, ఆకు మోసుకునేదానికి. సరే, నువ్వాడ చేసుకో, నేనీడ చేసుకుంటా అనుకున్యాం."

"రాసుకున్నారా?"

"అన్నదమ్ములు రాసుకునేది ఏముంటాదప్పా?"

"అప్పటికి రిజిస్ట్రేషన్ అయిపోయింది కదా. టెంకాయ లేచిన సంగతి రిజిస్టరుకు తెలియదు."

"దానికేం. కాయితంలో ఆ నెంబరు రాయి, నేల మింద ఈ చేను దున్నుకో. ఎవురు అడిగేది?"

నాయన నా వైపు చూశాడు. అందులో తప్పేముందన్నట్టు ఉంది ఆ చూపు. నిజానికి చుట్టుపక్కల ఊళ్ళల్లో అన్నదమ్ములు చాలామంది అట్లాగే ఉన్నారు. అమ్మనంతకాలం ఏ ఇబ్బందీ లేదు. అమ్మిన రోజు ఏమవుతుందో వరసగా చెప్పాను. ఆమె తోట మన పేరుకు వస్తుంది, మనం దున్నే చేను ఆమె పేరున ఉంటుంది, బ్యాంకు అప్పు ఒక ముక్క మీద, పంట ఇంకో ముక్కలో. ఎవరికి కోపం వచ్చినా రెండోవాళ్ళు రోడ్డు మీదే. దారి ఉంది, అన్న, మరదలు కలిసి మార్పిడి దస్తావేజు రాసి రిజిస్టరు చేయించుకుంటే ఆ తర్వాత కొనవచ్చు.

"నువ్వు సదివింది బోల్టులా, లాయరీనా?" అన్నాడు అమ్మే మనిషి. నవ్వు మాత్రం పోయింది.

మా గొంతులు తోటలోకి వినిపించినట్టున్నాయి. తలకు గుడ్డ చుట్టుకుని, ఆకు కోసే కొడవలితోనే ఆయన మరదలు వచ్చింది. ఎవరన్నా ఒకరు సరిగ్గా చెప్పమంది. నేను పటం తిప్పి చూపించి చెప్పాను.

"అంటే ఈయప్ప అమ్మేది నా తోటనా?"

"కాగితం మీద అంతేనమ్మా."

"నా తోటను నీకు అమ్ముతాండాడు. బోరు చేను నాది. అంతేనా?"

"మీరిద్దరూ మార్పిడి రాసుకుంటే—"

"ఆగప్పా. బోరు చేను నాదా, కాదా?"

కాదని చెప్పడానికి నా చేతిలో ఏ కాగితమూ లేదు.

ఆమె బావ వైపు తిరిగింది. "ఇన్నేండ్లు నీ బోరు, నీ బోరు అని నీళ్ళకు నన్ను బతిమలాడించుకున్యావే! పట్టుపురుగు మూడో నిద్ర లేసి మేతకు వచ్చినప్పుడు ఆకు వాడిపోతాండాది బావా, ఒక్క తడి ఇయ్యి అంటే, మోటారు కాలిందంటివి. టెంకాయ లేసింది మా బాగంలోనంట గదా!"

"ఏమే, నాలిక శానా పెరిగింది. బోరు ఏసింది ఎవురు దుడ్లతో? నీ మొగునివా?"

"నేల ఎవురిది?"

"మీ ఆయన మాట మింద మార్చుకునిండేది. సచ్చిన మనిషి మాట తప్పుతావా?"

"మాట మింద ఉండేవానివి అమ్మేది నన్ను అడిగి పెట్టుకున్యావా? నేను ఏలిముద్ర ఎయ్యను. బోరు చేను నాకు ఇడిసి పోయి నీ తోట నువ్వు తీసుకో. ఆ మొక్కలన్నీ నేను నాటినేటివి. దుడ్లు లెక్కగట్టి ఇయ్యి."

అమ్మే మనిషి నా చేతిలోని పటాన్ని లాక్కోబోయాడు. అందకపోయేసరికి టేపు తీసి చేనులోకి విసిరాడు. "మంచిగుండే ఇంట్లోకి వచ్చి నిప్పు పెడితివి గదరా! మీ నాయిన మొకం చూసి ఊరుకుంటాండా. ఇంగ నా చేనులో అడుగు పెడితే కాళ్ళు ఇరగ్గొడతా."

నాయన శెనక్కాయ చెట్లు తొక్కకుండా నడిచి పోయి టేపు తెచ్చాడు. చుట్టి నాకిచ్చి, బండి దగ్గరికి నడిచాడు. హిందూపురం బస్టాండులో దిగి, "నీ చదువుకు దండం" అని, ధర్మవరం బస్సెక్కాడు. గోడౌన్‌లో ఆయన కుర్చీలో అప్పటికే వేరే మనిషి ఉన్నాడు.

తర్వాత జరిగిందాంట్లో నా సలహా ఎక్కడా లేదు. ఆ భూమిని కొనడానికి వేరే ఎవరూ రాలేదు, గొడవ ఊరంతా తెలిసిపోయింది. ఆ ఏటి పంట ఎత్తాక అమ్మే మనిషి చేను బీడు పెట్టి, నీళ్ళ గొట్టం మరదలి తోటకు పోకుండా కట్ చేశాడు. ఒక రోజు నాయన తనంతట తాను పరిగికి పోయి, ఆ చేనును కోరుకు అడిగాడు. కోరు అంటే పండిన దాంట్లో భాగం. రాతకోతలు ఏమీ లేవు. అవతలి మనిషి ఒకే ఒక షరతు పెట్టాడు. నేను ఆ చేనులో కాలు పెట్టకూడదు. నాయన వెంటనే ఒప్పుకున్నాడట. ఈ సంగతి నాకు చెప్పేటప్పుడు ఆయన సంతోషంగానే ఉన్నాడు.

అంటే, యజమాని కాని మనిషి దగ్గర, ఏ కాగితమూ లేకుండా, ఏ గడిలోనూ తన పేరు లేని సేద్యం చేస్తున్నాడు మా నాయన. నేను వద్దన్న నాలుగు భూముల్లోకీ అధ్వాన్నమైన ఒప్పందం ఇదే. ఆ మాటే అన్నాను. "నీ కొలతలు బోల్టులకు పెట్టుకో" అన్నాడు.

ఆ తర్వాతి వానలు మొదలైన రెండు నెలలకు ఆమె మా ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చింది. హిందూపురం మార్కెట్లో పట్టుగూళ్ళు అమ్మి అట్లాగే వచ్చిందట, ఖాళీ సంచులు చంకలో ఉన్నాయి. కోర్టులో దావా వేస్తోంది. లాయరు పాత కాగితాలు అడిగాడట.

"మీసేవలో ఎవరికైనా ఇస్తారమ్మా" అన్నాను.

"నీ దగ్గర ఉండాయి గదా. మీ నాయిన ఆడ దున్నుతాండాడని ఇయ్యవా?"

ఆ ప్రశ్నకు కోపం వచ్చింది. నాయన మీద, ఆమె మీద, టెంకాయ పట్టుకుని తిరిగిన ఆ మనిషి మీద కూడా వచ్చింది. రెండో ముక్క ఆమెదని తేలితే ముందు దిగాల్సింది నాయనే. కానీ కాగితంలో ఉన్నది ఉన్నట్టు చూపించకపోతే ఇన్నాళ్ళూ ఆయనతో పోట్లాడింది దేనికి? ఫైలు తెచ్చి జిరాక్సు తీయించి ఇచ్చాను. ఆమె మంచి మాటేమీ అనలేదు. సంచిలో పెట్టుకుని పోయింది.

ఆ ఆదివారం పరిగి పోయాను. రోడ్డు మీదే బండి ఆపి హారన్ కొట్టాను. నాయన చేను మధ్యలో కలుపు తీస్తున్నాడు. చాలాసేపటికి లేచి, గెనెం దాకా వచ్చాడు. నేను ఇవతల, ఆయన అవతల.

"ఆమెకు కాయితాలు ఇచ్చినావంట."

"ఇచ్చినా."

తిడతాడని చూశాను. ఆయన వెనక్కి తిరిగి పైరు వైపు చూశాడు. పూత రాలి ఊడలు మట్టిలోకి దిగుతున్నాయి, నేలలో మంచి పదును ఉంది.

"కోర్టుకు పోతే పోనీ. కాయ పెరికేదాకా ఆగమను" అన్నాడు. "నువ్వే చెప్పు ఆమెకు. నీ మాట ఇంటాది గదా."

చెబుతానన్నాను. ఆయన అప్పటికే వెనక్కి నడుస్తున్నాడు.