అవ్వ లెక్కలో ఆముదం నూనె కాదు

మా చిన్నప్పుడు... తమిళనాట పెరియంపట్టిలో మా ఇంట్లో ఆముదం కాస్తుంటే ఆ వాసన వీధి చివరిదాకా వెళ్లేది. గింజలు వేయించి, రోట్లో దంచి, పెద్ద కుండలో నీళ్లు పోసి ఉడికిస్తే ఆముదం పైకి తేలేది. మా అవ్వ, అంటే నాన్నగారి అమ్మ, గరిటెతో దాన్ని తీసి జాడీలోకి వంచేది.

అవి యుద్ధం రోజులు. కిరసనాయిలు దొరకడం గగనమే. దీపానికి ఆముదం, పసిపిల్లల కడుపునొప్పికి ఆముదం, ఎద్దు మెడ మీద పుండుకూ ఆముదమే...

ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. అవ్వ సంతలో తమిళంలో బేరం మొదలుపెడితే ఎదుటివాడు దిగిరావాల్సిందే. కాబట్టి ఇప్పుడు చెప్పబోయేది భాష రాక జరిగింది కాదు... రెండు భాషలూ వచ్చి జరిగింది.

మా అక్కకి పన్నెండేళ్లు ఉంటాయేమో. ఎంత తిన్నా ఒంటికి పట్టేది కాదు. కడుపులో నాడాపురుగు, అదే బద్దెపురుగు, ఉందని తేలింది. బండి కట్టుకుని ధర్మపురిలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. నేనూ ఏడ్చి వెంటపడ్డాను.

డాక్టరు చిన్న సీసాలో నల్లటి మందు, ఒక పొట్లంలో భేది ఉప్పు ఇచ్చాడు. పరగడుపున మందు తాగించి, తరవాత ఆ ఉప్పు నీళ్లలో కలిపి ఇవ్వమన్నాడు. "ఎణ్ణెయ్ కూడాదు, నెయ్యుం కూడాదు" అని తమిళంలో గట్టిగా చెప్పాడు. నూనె వద్దు, నెయ్యీ వద్దు అని.

అవ్వ ఆ మాటని దేవుడి మీద ఒట్టులా పట్టుకుంది. ఆ పూట పప్పుకి తిరగమోత లేదు. జిడ్డు ఉంటుందేమోనని కుండని బూడిదతో మళ్లీ మళ్లీ తోమింది. అమ్మ అక్క తలకి నూనె పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"నూనె వద్దనినాడు గదే. తలకైనా కడుపుకైనా నూనె నూనే" అంది.

మర్నాడు పొద్దున అక్క ముక్కు మూసుకుని మందు మింగింది. కాసేపటికి అవ్వ ఉప్పు పొట్లం విప్పి చూసి పెదవి విరిచింది.

"ఉప్పుకు పురుగు జారుతాదా? ఎప్పుటినుంచో పురుగుకు ఆముదమే గదా ఇచ్చేది" అంటూ జాడీ దించింది.

అమ్మ చూసింది, నాన్న చూశారు... ఆపాలని ఒక్కరికీ తోచలేదు. ఎలా తోస్తుంది? మా తెలుగులో నూనె వేరు, ఆముదం వేరు. కూరలో వేసేది నూనె. ఆముదం మందు.

మధ్యాహ్నానికి అక్కకి వాంతులు, తల తిరుగుడు... కూర్చోలేకపోయింది. పొద్దు వాలకముందే "అమ్మా, ఇంకా దీపము పెట్టలేదా?" అని అడిగింది.

వాకిట్లో ఇంకా ఎండ ఉంది.



మళ్లీ బండి కట్టారు. డాక్టరు అక్క కళ్లు పరీక్షించి, ఏం పెట్టారని అడిగాడు. ఒక్క చుక్క నూనె తగలనివ్వలేదని అవ్వ తమిళంలో ఒట్టు వేసింది. మరి భేదికి ఏం ఇచ్చావని అడిగితే "ఆముదము" అంది, తెలుగులోనే. ఆయనకి అర్థం కాలేదు. "అప్పిడిన్నా ఎన్న?" అన్నాడు... అంటే ఏమిటని.

అవ్వ తమిళంలో చెప్పబోయింది. "విళక్కెణ్..." అని ఆగిపోయింది.

ఆముదాన్ని తమిళంలో విళక్కెణ్ణెయ్ అంటారు. దీపపు నూనె అని అర్థం. ఎన్నో ఏళ్లుగా సంతలో ఆ పేరుతోనే అమ్మిన మనిషి... అందులో 'ఎణ్ణెయ్' ఉందని అప్పుడే విన్నట్టు నిలబడిపోయింది.

డాక్టరు కోప్పడలేదు. ఆ మందు నూనెలో కరుగుతుందని, పురుగు మీద పనిచేయాల్సింది పిల్ల ఒంటికి ఎక్కిందని మెల్లగా చెప్పాడు.

కొన్నాళ్లకి ఒక కంటికి చూపు మసకగా తిరిగి వచ్చింది. రెండో కంటికి రాలేదు. అక్క ఎప్పుడూ అవ్వని పల్లెత్తు మాట అనలేదు. "నా మంచికే గదా ఇచ్చింది" అనేది. నాకు మాత్రం కోపం... ఎవరి మీదో తెలియని కోపం, ఇంకా పోలేదు.

అవ్వ బతికినన్నాళ్లు ఇంట్లో 'ఆముదం' అనే మాట పలకలేదు. తెలుగులో మాట్లాడుతూనే, అక్కడికి వచ్చేసరికి 'విళక్కెణ్ణెయ్' అనేది. మేము నవ్వబోయి, అక్క ముఖం చూసి ఊరుకునేవాళ్లం.

ఇప్పుడు ఏ మందుతో ఏది పడదో చీమతలకాయంత అక్షరాల్లో కాగితం మీద అచ్చేసి పెట్టెలో పెడుతున్నారు. మొన్న కొత్త డాక్టరమ్మ "ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని నన్ను అడిగింది. లేదన్నాను. మెట్లు దిగుతుంటే గుర్తొచ్చింది... రోజూ పొద్దున నేను తాగే కషాయం. దాన్ని నేను మందనుకోలేదు మరి. మోకాళ్లు మొరాయిస్తున్నా వెనక్కి ఎక్కి చెప్పి వచ్చాను.

మీ ఇంట్లోనూ అలా లెక్కలోకి రానిది ఏదో ఒకటి ఉండే ఉంటుంది... తప్పకుండా చెప్పండి. ముందు మీ డాక్టరుకి, తరవాత నాకు.