ఒడ్డు నుంచి అరవై అంగలు

చదివింది తొమ్మిదే అయినా, మా చుట్టుపక్కల రొయ్యల చెరువుల కొలతలు నాచేతే వేయిస్తారు. నా అంగ సరిగ్గా రెండున్నర అడుగులు. ఇరవై రెండేళ్ల క్రితం, పదకొండు రోజుల మా పాపను ఏటి మధ్యనున్న ఎదురు లంకలో పూడ్చినప్పుడు కూడా అంగలు లెక్కపెట్టాను. పసిబిడ్డలకు మావాళ్లు గుర్తు పెట్టరు, తల్లిని అక్కడికి రానివ్వరు. అందుకని నా భార్యకు ఆ అంకె ఒక్కటే తెచ్చి ఇచ్చాను: ఏటి ఒడ్డు నుంచి అరవై.

లంకలో ఏది కొలిచినా ఒడ్డు నుంచే కొలుస్తాం. ఆ ఒడ్డే వరదలకు కోసుకుపోయింది. అక్కడి కొబ్బరితోటలో వరసకీ వరసకీ పది అంగలు. ఆరో వరస ఏట్లో పడిన ఏడాది, పాప ఉన్న చోటుతో సహా నా అరవై అంగలూ అయిపోయాయి. ఆమెకు చెప్పలేదు. ఎప్పుడైనా "అరవయ్యే కదండీ?" అంటే, "ఆయ్" అనేవాణ్ణి.

మొన్న మాఘంలో, మెట్ట ఊళ్లో పనిచేసే మా బావమరిది రాకాసి గుళ్లు చూపిస్తానని మా ఇద్దర్నీ కొండవాలుకు తీసుకెళ్లాడు. అవి వేల ఏళ్ల నాటి సమాధులు. చుట్టూ గుండ్రంగా పాతిన బండలు, మధ్యలో రాతిపలకల పెట్టె.

"అప్పుడే లెక్క మొదలెట్టేసేరా బావగారూ? అవెక్కడికీ పారిపోవండీ!"

ఇరవై మూడు. అన్నీ పొలాలకు పైన, నీళ్లు ఎక్కలేని చోట. కదలని కొండను చూసుకుని పెట్టుకున్నారు వాళ్లు.

నా భార్య అన్నిటికన్నా చిన్నదాని దగ్గర ఆగిపోయింది.

"ఇది పిల్లదై ఉంటుందండీ. ఇన్నేళ్లయినా చోటు ఉంది చూడండి."

ఇక దాచలేకపోయాను. ఆరు వరసల సంగతీ చెప్పేశాను.

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదండీ?"

"నీకు ఇచ్చింది ఆ అంకె ఒక్కటే. అదీ లాక్కోవాలా అని."

తిరుగు దారిలో రోడ్డు పక్కన కొబ్బరికాయంత రాయి ఏరుకుని, ఇల్లు చేరేదాకా ఒళ్లో పెట్టుకుంది. మా పొలాల్లో రాయన్నది దొరకదు. మర్నాడు పొద్దున్నే దాన్ని ఇవతలి ఏటిగట్టు మీద, లంక కనిపించేలా పెట్టింది.

"ఇప్పుడు కొలవండి."

"ఎక్కణ్నుంచి?"

"మన గుమ్మం నుంచండీ. మీ ఒడ్డుని నేను నమ్మను."

నా అంగల్లో రెండు వందల పద్నాలుగు. పక్కనే నడుస్తూ తనూ లెక్కపెట్టింది. తనకి మూడు వందల ఆరు వచ్చాయి.

తన అంకే రాసుకున్నాను.